గుర్రుమన్నదని కొట్టకండి

ఈ నెల కుక్కల గురించి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా తిరుపతివే. చిత్తూరు, రేణిగుంట, పుత్తూరు నుంచి తలా ఒకటి. 2022లో జిల్లాను విడగొట్టినా నాకైతే ఇదంతా ఇంకా పాత చిత్తూరు జిల్లానే. పశువైద్యురాలిగా పలమనేరు మొదలుకొని పుత్తూరు దాకా ఇక్కడే ఉద్యోగం చేశాను, జాస్తిగా ఆవులతో. కుక్కకు సూది ఎట్లా వేయాలో తిరుపతి వెటర్నరీ కాలేజీలో నేర్చుకున్నాను గానీ, కుక్కతో ఎట్లా మసలుకోవాలో నేర్పింది మాత్రం నన్ను రెండుసార్లు కరిచిన మా కరియ. దాని సంగతి కింద ఒకచోట వస్తుంది.

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మా లాబ్రడార్ పేరు బ్రూనో, నాలుగేళ్లు. మంచి కుక్క. రెండు నెలలుగా అది అన్నం తినేటప్పుడు మా మనవడు దగ్గరికి పోతే గుర్రుమంటోంది. మా ఆయన చెప్పుతో రెండు దెబ్బలేసి, తింటుండగానే గిన్నె లాగేస్తున్నారు. "యజమాని ఎవరో దానికి తెలియాలి, తోడేళ్ల గుంపులో నాయకుడు ఇట్లే చేస్తాడు" అంటారు. ఇప్పుడు గుర్రుమనడం మానేసింది. నాకు మాత్రం ఎందుకో భయంగానే ఉంది.
— ఒక అమ్మమ్మ, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: భయపడాల్సిందేనమ్మా. "గుర్రుమనడం మానేసింది" అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను.

కుక్క కరిచే ముందు చాలా చెప్పి చూస్తుంది. తింటున్నది ఆపి బిగుసుకుపోతుంది. తల గిన్నె మీదికి ఇంకా వంచి, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూస్తుంది. పెదవి ఒక పక్క పైకి లేస్తుంది. అప్పటికీ ఎవరూ గమనించకపోతే, ఇక గుర్రుమంటుంది. అలా అన్న ప్రతిసారీ చెప్పు దెబ్బ పడితే బ్రూనో ఏం నేర్చుకుంటుంది? గుర్రుమంటే దెబ్బలు పడతాయని. పిల్లాడు దగ్గరికొస్తే కంగారు పడనక్కర లేదని మాత్రం నేర్చుకోదు. కంగారు ఎక్కడికీ పోలేదు, బయటికి చెప్పడం మానేసింది, అంతే. ఇక ఏ రోజో చప్పుడు చేయకుండా కరుస్తుంది. అప్పుడు అందరం కలిసి "ఉన్నట్టుండి కరిచింది" అంటాం.

తోడేళ్ల నాయకుడి కథ మీ ఆయన ఒక్కరే చెప్పడం లేదు, మా క్లినిక్‌కు వచ్చేవాళ్లలో పది మందిలో నలుగురు చెబుతారు. అది పుట్టింది స్విట్జర్లాండ్‌లో. రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన బాసెల్ జంతుప్రదర్శనశాలలో కంచె లోపల పెట్టిన తోడేళ్లను గమనించి, పైచెయ్యి కోసం అవి కొట్లాడుకుంటాయని 1947లో అచ్చు వేయించాడు. 1970లో డేవిడ్ మెక్ అనే అమెరికన్ శాస్త్రవేత్త దాన్నే తన పుస్తకంలో పెట్టి లోకమంతా తెలిసేలా చేశాడు. తర్వాత అడవిలో తోడేళ్లను ఏళ్ల తరబడి చూసి, 1999లో ఆయనే మాట మార్చుకున్నాడు: అడవిలో గుంపు అంటే అమ్మ, నాన్న, వాళ్ల పిల్లలు, అంతే. పెళ్లి సత్రంలో ఒక్క గదిలో ఇరవై మంది చుట్టాలను కుక్కి, రాత్రి జరిగిన రభస చూసి "తెలుగు కుటుంబాలు ఇట్లుంటాయి" అని రాస్తే ఎట్లుంటుందో మొదటి కథ అట్లుంది. పైగా బ్రూనో తోడేలు కాదు.

ఇక చేయాల్సింది. నాలుగేళ్లు బాగున్న కుక్క రెండు నెలల కింద మారిందంటే ముందు డాక్టరుకు చూపించండి. పంటి నొప్పి, చెవిలో చీము, లాబ్రడార్లకు తరచుగా వచ్చే తుంటి కీళ్ల నొప్పి, వీటిలో ఏదైనా ఉండొచ్చు. ఇంకొకటి, మీ మనవడు ఈ మధ్యే నడక నేర్చాడా? పాకే పిల్లాడు వేరు, తూలుకుంటూ వచ్చి గిన్నె మీద పడే పిల్లాడు వేరు.

ఈ రోజు నుంచే బ్రూనో అన్నం గ్రిల్ తలుపు అవతల. పిల్లాడు ఇవతల. ఇందులో మినహాయింపు లేదు, "ఒక్క నిమిషమే కదా" కూడా లేదు.

తర్వాతి పని పెద్దవాళ్లది. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్ వేలి గోరంత ముక్కలుగా చేసుకోండి. అది తింటున్నప్పుడు ఎనిమిది అడుగుల దూరంలో అలా నడిచి పోతూ ఒక ముక్క గిన్నె వైపు విసిరి, ఆగకుండా వెళ్లిపోండి. ఒక పూటకు నాలుగైదు సార్లు చాలు. తినడం ఆపకుండా, వీపు వదులుగా, తోక మామూలుగా ఉంటే మూడు నాలుగు రోజులకు అర అడుగు దగ్గరికి జరగండి. బిగుసుకుందా, మీరు తొందరపడ్డారన్నమాట, వెనక్కి పోండి. కొన్ని వారాలకు ఒక రోజు మీ అడుగుల చప్పుడుకు అది గిన్నెలోంచి తల ఎత్తి మీ చేతి వైపు ఆశగా చూస్తుంది. దాని కోసమే ఇదంతా. ఈ పని మీరు కాదు, మీ ఆయన చేయాలి. చెప్పు పట్టిన చెయ్యే చికెన్ కూడా తెస్తుందని దానికి తెలియాలి కదా. మనవణ్ణి మాత్రం ఈ అభ్యాసంలోకి లాగొద్దు.

ప్రశ్న: మా ఇల్లు కొర్లగుంటలో. చుట్టాలు ఎవరొచ్చినా కొండకు పోవడం, లడ్డూలు తేవడం. మా పామెరేనియన్ స్వీటీకి కూడా చిన్న ముక్క పెడతాం. మా అబ్బాయి ఎక్కడో చదివి వద్దంటున్నాడు. ఆరేళ్లుగా పెడుతున్నాం, ఏమీ కాలేదు. ప్రసాదం కూడా చేటు చేస్తుందా మేడం?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజం. చేటు చేసేది అందులోని ఎండుద్రాక్ష. ద్రాక్ష, ఎండుద్రాక్ష ఏదైనా కుక్కల కిడ్నీలను దెబ్బతీయగలదు. చాలా కాలం ఎందుకో ఎవరికీ తెలియలేదు. 2021లో అమెరికాలోని పశువైద్యులు కారణం టార్టారిక్ ఆమ్లం కావచ్చన్నారు. అది ఒక్కో ద్రాక్షలో ఒక్కోలా ఉంటుంది. అందుకే ఒక కుక్క గుప్పెడు తిని తోక ఊపుతూ తిరుగుతుంది, ఇంకొకటి నాలుగు తిని పడిపోతుంది. మీ స్వీటీకి ఆరేళ్లు ఏమీ కాలేదంటే, దానికి అందిన ముక్కల్లో ద్రాక్ష పడలేదో, పడినా చప్పదైందో. మూడు నాలుగు కిలోల కుక్క అది. దాంతో ఈ జూదం ఎందుకు?

టార్టారిక్ ఆమ్లం అనగానే మన వంటింట్లో గుర్తుకు రావాల్సింది ఇంకొకటి ఉంది, చింతపండు. చింతపండు తిన్న కుక్కల్లోనూ కిడ్నీలు దెబ్బతిన్నాయని 2022లో రాశారు. అంటే పులిహోర, చారు, సాంబారు మూడూ కుక్క గిన్నెకు దూరం. సాంబారులో ఉల్లిపాయ కూడా ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాలను పగలగొడతాయి, ఉడికించినా ఆ గుణం పోదు. తిన్న రోజు ఏమీ కనబడదు, నాలుగైదు రోజులకు చిగుళ్లు తెల్లబడతాయి. చాక్లెట్ సంగతి అందరికీ తెలిసిందే.

ఒకసారి మా వీధిలోనే జరిగింది. పెళ్లికొచ్చిన చుట్టాలు లడ్డూల సంచి మంచం మీద పెట్టి పడుకున్నారు. పొద్దునకు కవరు చిరిగి ఉంది, రెండు లడ్డూలు లేవు, ఇంటివాళ్ల డాషుండ్ కుక్క మూతి నెయ్యితో మెరుస్తోంది. అది రెండుసార్లు కక్కుకుని మధ్యాహ్నానికి లేచి తిరిగింది. తిరుగుతోంది కదా అని వాళ్లు ఊరుకున్నారు. మూడో రోజు దాన్ని ఒక పాత తువ్వాలులో చుట్టుకుని నా దగ్గరికి తెచ్చారు. ముందు రోజు మధ్యాహ్నం నుంచి ఉచ్చ పోయలేదు. వారం రోజులు సెలైన్ ఎక్కించాం. బతికింది గానీ కిడ్నీలు మునుపటిలా కాలేదు. తిన్న గంటలోనే తెచ్చి ఉంటే ఒక ఇంజెక్షన్‌తో వాంతి చేయించి పంపేదాన్ని.

అందుకే గుర్తు పెట్టుకోండి. తిన్నదని తెలియగానే గడియారం చూసి, ఎంత తిన్నదో అంచనా వేసి, ఆ కవరుతో సహా డాక్టరు దగ్గరికి పోవాలి. మొదటి రెండు గంటలు బంగారం. ఇంట్లో ఉప్పునీళ్లు తాగించి కక్కించొద్దు. అది వేరే ప్రమాదం.

ఇక ప్రసాదం పంచుకోకపోతే దోషమా అంటారా, దేవుడికి పెట్టిన అరటిపండు ఉంది కదా. రెండు చక్రాలు కోసి పెట్టండి, అదీ ప్రసాదమే. కొబ్బరి చిప్ప నుంచి గోరంత ముక్క పెట్టినా తప్పు లేదు.

ప్రశ్న: మా పిల్లోడు వీధిలోంచి నాటు కుక్కపిల్లను తెచ్చాడు. రెండున్నర నెలలుంటుంది. హాల్లో ఉచ్చ పోస్తోంది. ముక్కు పట్టి దాంట్లో రుద్దితే మానుతుందని పక్కింటామె చెప్తే రుద్దాం. ఇప్పుడు సోఫా వెనక్కి పోయి పోస్తోంది. దేవుడి గది దాకా వస్తే ఊరుకోనని మా అత్త అంటోంది.
— ఒక తల్లి, కట్టమంచి, చిత్తూరు

జవాబు: మీకు కరియ కథ చెప్పాలి. పలమనేరు క్వార్టర్స్‌లో ఉండగా తెచ్చుకున్న నల్ల నాటు కుక్క. నేనప్పటికి డాక్టరునే, పట్టా గోడకు వేలాడుతోంది. అయినా అది హాల్లో పోసిన ప్రతిసారీ పేపరు చుట్టి కొట్టేదాన్ని. పది రోజులకు మానేసింది, గెలిచాననుకున్నాను. బయటికి తీసుకుపోతే మాత్రం నా మొహం చూస్తూ నిలబడేది. ఒకనాడు వానలో గొడుగు పట్టుకుని ఇరవై నిమిషాలు నిలబడ్డాను, చుక్క రాలలేదు. లోపలికి రాగానే పరుగెత్తి ఎక్కడికో మాయం. ఆరు నెలలకు ఇల్లు మారేటప్పుడు ఇనుప బీరువా జరిపితే వెనక కాళ్లు రెండూ తుప్పు పట్టి పొడి రాలుతున్నాయి. అన్నాళ్లూ అక్కడే పోసింది. ఇంట్లో పోయకూడదని అది అనుకోలేదు. నా కళ్లెదుట పోయకూడదు అనుకుంది. నేను నేర్పిందే నేర్చుకుంది పాపం.

మీ కుక్కపిల్ల సోఫా వెనక్కి పోయేది కూడా అందుకే. ముక్కు రుద్దడం మానేయండి, తిట్టడం కూడా. ఆ వయసులో రెండు మూడు గంటలకు మించి ఆపుకోలేదు. నిద్ర లేచిన వెంటనే, తిన్న పది పదిహేను నిమిషాలకు, ఆట ఆగి నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరిగినప్పుడు ఎత్తుకుని బయటికి పోవాలి. రోజూ ఒకే చోటికి. పోసేటప్పుడు నెమ్మదిగా "సుస్సు" అనండి, మన పసిపిల్లలకు అన్నట్టే. అయిపోయిన క్షణంలోనే, అక్కడే, చేతిలోని ముక్క నోటికివ్వాలి. ఇంట్లోకి వచ్చాక ఇస్తే ఇంట్లోకి వచ్చినందుకు ఇచ్చారనుకుంటుంది. రాత్రి మధ్యలో ఒకసారి లేవక తప్పదు, మీ పిల్లోడినే లేపండి, తెచ్చింది వాడే కదా.

హాలు ఫినాయిలుతో తుడవొద్దు. ఆ తడి కాళ్లకు అంటుకుని, అది నాక్కుని కడుపు పాడవుతుంది. పైగా మన ముక్కుకు ఫినాయిలు వాసన తప్ప ఏమీ తెలియదు గానీ దాని ముక్కుకు అడుగున ఉచ్చ వాసన తెలుస్తూనే ఉంటుంది. పెంపుడు జంతువుల అంగడిలో ఎంజైము ద్రవం దొరుకుతుంది, దాంతో తుడవండి. మీ అత్తగారికి భరోసాగా దేవుడి గది గడపకు అడ్డంగా మోకాలి ఎత్తు పలక పెట్టించండి. అది నేర్చుకునే దాకా ఇంట్లో శాంతి ముఖ్యం.

టీకాలు పూర్తయ్యే దాకా వేరే కుక్కలు తిరిగే చోట దించొద్దు, పార్వో అనే అంటుజబ్బు భయం. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, నాలుగు నెలలు నిండే దాకా మూడు నాలుగు వారాలకొకటి వేయిస్తారు. అందాకా మిద్దె మీద ఒక ట్రేలో మట్టి పోసి పెడితే చాలు.

ప్రశ్న: మా లాబ్రడార్‌కు రెండు పూటలా పెరుగన్నమే. మేం మాంసం వండం. ఎంత పెట్టినా ఇంకా కావాలంటుంది.
— ఎం.ఆర్.పల్లి, తిరుపతి

జవాబు: అన్నం అరగదని భయం వద్దు. మనుషులతో వేల ఏళ్లు బతికి కుక్కలు పిండి పదార్థం అరిగించుకోవడం నేర్చాయి. తోడేళ్లతో పోలిస్తే వాటికి ఆ జన్యువు ప్రతులు ఎక్కువని 2013లో తేల్చారు. కానీ పెరుగన్నం ఒక్కటే అయితే మాంసకృత్తులు చాలవు. గుడ్డు ఇంట్లోకి రానిస్తారా? లేకుంటే కంపెనీ మేత సగం, మీ అన్నమో రాగి సంగటో సగం అని డాక్టరుతో లెక్క వేయించుకోండి. ఇక తీరని ఆకలి అంటారా, సుమారు నాలుగు లాబ్రడార్లలో ఒకదానికి ఆకలి ఆపే జన్యువులోనే లోపం ఉందని 2016లో బ్రిటన్‌లో కనుక్కున్నారు. కళ్లు చూసి కాదు, పక్కటెముకలు తడిమి పెట్టండి. వేళ్లకు ఎముకలు తగలాలి, కంటికి కనబడకూడదు.

ప్రశ్న: మా ఇల్లు తాతయ్యగుంట గుడికి రెండు వీధుల అవతల. గంగమ్మ జాతర జరిగినన్ని రోజులూ మా బీగల్ టైగర్ మంచం కింద నుంచి రాదు. డప్పు వినబడితే వణుకుతుంది, నీళ్లు కూడా తాగదు. పోయినసారి బండవేషం వేసుకుని మా బావమరిది వస్తే, రోజూ ఒళ్లో ఎక్కే మనిషి మీదికే ఎగబడింది. దీపావళికీ ఇదే గొడవ. దగ్గరికి తీసుకుంటే భయం ముదురుతుంది, పట్టించుకోవద్దని ఒక ట్రైనర్ చెప్పాడు.
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ముందు ఆ ట్రైనర్ మాట పక్కన పెట్టండి. ఉరుముకు జడిసిన బిడ్డను ఒళ్లోకి తీసుకున్నామనుకోండి, మళ్లీ ఒళ్లోకి రావాలని ఉరుముకు జడుస్తుందా? టైగర్ మీ దగ్గరికి వస్తే రానివ్వండి, వీపు మీద చెయ్యి వేసి ఉంచండి. మంచం కిందే ఉంటానంటే లాగొద్దు. అక్కడికే ఒక గిన్నె నీళ్లు, పాత చీర పరుపు పంపండి.

బావమరిది సంగతి నాకు నవ్వు తెప్పించింది గానీ టైగర్ తప్పేం లేదు. కుక్కకు మనిషంటే ముందు వాసన, తర్వాత నడక. ఒళ్లంతా కుంకుమ పూసుకుని, చేతిలో వేపమండతో, డప్పు వెంట ఊగుతూ వచ్చినవాడిలో దానికి తెలిసిన బావమరిది ఎక్కడున్నాడు? ఈసారి వేషంలో వస్తే గేటు బయటే ఆగి, పక్కకు తిరిగి కింద కూర్చుని, మామూలు గొంతుతో దాని పేరు పిలవమనండి. తనంతట తాను వస్తే సరి, రాకుంటే వేషం కడిగాకే చుట్టరికం.

అసలు పని జాతరకు మూడు నెలల ముందు మొదలవ్వాలి. పావ్లోవ్ పేరు విన్నారు కదా, కుక్కల చొంగ మీద ప్రయోగాలు చేసిన రష్యన్. 1904లో ఆయనకు నోబెల్ ఇచ్చింది అరుగుదల మీద చేసిన పనికి. కుక్కలు అన్నం రాకముందే, అన్నం తెచ్చే గుర్తులకే చొంగ కార్చడం ఆ పనిలో బయటపడింది. మనకు కావలసింది అదే. ఫోనులో డప్పు చప్పుడు రికార్డు చేసుకోండి. టైగర్ చెవి కదిలిస్తుందేమో గానీ లేచి పోదు అన్నంత చిన్నగా పెట్టండి. చప్పుడు మొదలైన తర్వాత చికెన్ రావాలి. చప్పుడు ఆగితే చికెన్ ఆగాలి. ఈ వరస తప్పితే పని జరగదు, చికెన్ ముందు చూపిస్తే చికెన్ కూడా అనుమానించడం మొదలుపెడుతుంది. రోజుకు ఐదు నిమిషాలు. వారానికి ఒక గీత చప్పుడు పెంచండి. వణికితే రెండు గీతలు తగ్గించండి.

జాతర రోజుల్లో మాత్రం పాఠాలు వద్దు. తెల్లవారుజామున ఐదు గంటలకే తిప్పి తెచ్చి, లోపలి గదిలో కిటికీలు మూసి, కూలర్ వేసి ఉంచండి. కూలర్ హోరు డప్పును కొంత మింగుతుంది. మెడ పట్టీకి ఫోను నంబరు బిళ్ల తప్పక కట్టండి, బెదిరిన కుక్కలు గోడలు దూకి పోతాయి. భయం ఇంత తీవ్రంగా ఉన్నవాటికి మంచి మందులున్నాయి, నెల ముందే డాక్టరును అడగండి. ఇంట్లో ఉన్న మనుషుల నిద్రమాత్రలు వేయొద్దు. ఏ పల్లెలోనైనా మీ వాళ్లుంటే టైగర్‌ను అక్కడికి పంపినా మంచిదే. చాటింపు వేశాక ఊరు దాటకూడదన్న కట్టుబాటు మనకే గానీ దానికి లేదు.

ప్రశ్న: హస్కీకి ఎండాకాలం గుండు కొట్టించవచ్చా?
— రేణిగుంట

జవాబు: వద్దు. లోపలి మెత్తటి బొచ్చు దువ్వి తీసేయండి, పై బొచ్చు ఎండను ఆపుతుంది. మేలో పొద్దున ఆరున్నర లోపు, సాయంత్రం ఏడు తర్వాతే నడక. తారు రోడ్డు మీద మీ అరచెయ్యి వెనక వైపు ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే అది కూడా నడవలేదు. తూలుతూ, నాలుక ఎర్రబడి రొప్పుతుంటే మామూలు నీళ్లతో ఒళ్లంతా తడిపి ఫ్యాను కింద పెట్టి, అటు నుంచి అటే ఆసుపత్రికి. రేణిగుంట ఎండలో హస్కీ ఎందుకు కొన్నారని అడగను, కొనేశారు కదా.

ప్రశ్న: మా కుక్కకు గోమార్లు. ఎన్ని తీసినా మళ్లీ వస్తున్నాయి. కిరసనాయిలు రాయమంటున్నారు.
— మంగళం, తిరుపతి

జవాబు: కిరసనాయిలు చర్మాన్ని కాలుస్తుంది, నాక్కుంటే ఊపిరితిత్తుల దాకా పోతుంది. ఆవులకు వాడే పిడుదుల మందు కూడా చేతికొచ్చినంత పోయొద్దు, దాంతో వాంతులు, ఫిట్స్‌తో వచ్చిన కుక్కల్ని చూశాను. మళ్లీ ఎందుకు వస్తున్నాయంటే, మీరు కుక్క మీద వెతుకుతున్నారు, అవి గోడలో ఉన్నాయి. రక్తం తాగి ఉబ్బిన ఆడ గోమారి రాలిపోయి, గోడ పగుల్లోకి దూరి, వేల గుడ్లు పెట్టి చస్తుంది. అది పడుకునే చోట టార్చి వేసి తలుపు చట్రం సందులు చూడండి, ఆవగింజల్లా పాకుతుంటాయి. ఆ సందులు సిమెంటుతో పూడ్చండి. కుక్కకు బరువు తూచి ఇచ్చే మాత్రలు, వీపు మీద వేసే చుక్కల మందులు ఉన్నాయి, డాక్టరు చెప్పిన గడువు తప్పకుండా వాడండి. ఇంట్లో పిల్లి కూడా ఉంటే ఆ మాట ముందే చెప్పండి, కుక్కల మందుల్లో కొన్ని పిల్లి ప్రాణం తీస్తాయి. జ్వరం, తిండి మానడం, ముక్కు నుంచి రక్తం, వీటిలో ఏది కనబడినా ఆ రోజే రక్త పరీక్ష.

ప్రశ్న: నమస్తే డాక్టర్ మేడం. నేను ఎనిమిదో తరగతి. మా వీధి కుక్క ఎర్రోడు రోజూ నాతో బడి దాకా వస్తాడు. వాడికి షేక్‌హ్యాండ్ నేర్పాలని ఉంది. నాటు కుక్కలకు ఏమీ రాదు, జాతి కుక్కలకే వస్తుందని మా నాన్న అంటున్నాడు.
— పుత్తూరు

జవాబు: నాయనా, నువ్వు బడికి బయల్దేరే టైము ఎర్రోడికి ఎవరు నేర్పారో మీ నాన్నను అడుగు.

కోడిగుడ్డు ఉడికించి తెల్లసొన చిన్న చిన్న ముక్కలుగా కోసుకో. ఒక ముక్క గుప్పెట్లో పెట్టి మూసి, వాడి ఛాతీ ఎత్తులో ముందు పట్టు. వాసన చూస్తాడు, నాకుతాడు, మూతితో తోస్తాడు. నువ్వు ఏమీ అనకు, చెయ్యి కదపకు. విసుగు పుట్టి ఒక కాలు ఎత్తి చేతిని గీకుతాడు చూడు, సరిగ్గా ఆ క్షణంలో "సై" అని గుప్పెట తెరువు. "సై" అంటే ఫోటో క్లిక్‌మనిపించడం లాంటిది. కాలు కింద పెట్టాక అన్నావంటే కాలు కింద పెట్టడం నేర్చుకుంటాడు. ప్రతిసారీ అదే మాట, అదే గొంతు.

పది ముక్కలు అయిపోతే ఆ రోజుకు చాలు, ఇంకా కావాలన్నట్టు చూస్తుండగానే ఆపేయి. కాలు వెంటవెంటనే ఇస్తుంటే ముక్క వెనక చేతిలో దాచి, ఖాళీ అరచెయ్యి చాచు. అదీ కుదిరాక, చెయ్యి చాచే ముందు "షేక్‌హ్యాండ్" అను. మాట చివర్న నేర్పాలి, ముందే అరుస్తూ ఉంటే వాడికి అది ఉత్త చప్పుడు. కాలు నువ్వే పట్టుకుని ఎత్తొద్దు, కుక్కలకు అది నచ్చదు.

మొదటి పాఠానికి ముందు ఒక పని ఉంది, దానికి మీ నాన్న సాయం కావాలి. పశువుల ఆసుపత్రిలో ఎర్రోడికి రేబిస్ టీకా వేయించండి. తేదీ ఒక నోటుబుక్కులో రాసుకో, ఏడాదికి మళ్లీ వేయించాలి. వాడు తింటున్నా, నిద్రపోతున్నా దగ్గరికి పోవద్దు. మెడ చుట్టూ చేతులేసి వాటేసుకోవద్దు.

ఆటలోనే అయినా సరే, వాడిదే కాదు ఏ కుక్క పన్ను గీసినా, గోరు గీరి రక్తం కనబడినా, కొళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడుగు. గడియారం చూసి కడుగు, పదిహేను నిమిషాలంటే మనం అనుకునేదాని కంటే చాలా ఎక్కువ. సున్నం, కారం, ఆకు పసరు ఏదీ పూయనివ్వకు. తిడతారని దాచిపెట్టకుండా ఆ రోజే అమ్మకు చెప్పు. ప్రభుత్వాసుపత్రిలో ఆ రోజు మొదలుపెట్టి మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు చేతికి చిన్న సూదులు వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే దాని చుట్టూ ఇంకో మందు కూడా. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరినీ కాపాడలేం, ముందే అయితే పూర్తిగా ఆపగలం.

ఎర్రోడు ఎన్ని రోజులకు చెయ్యిచ్చాడో ఒక కార్డు ముక్క రాయి. మీ నాన్న అడిగితే ఇచ్చాడా లేదా అన్నది కూడా.